కరివేపాకు చెట్టు దగ్గర సాలీడు: ఉంచాలా, తీసేయాలా?

గుంటూరు_గృహిణి: పెరట్లో కరివేపాకు చెట్టుకీ జామ కొమ్మకీ మధ్య ఒక సాలీడు గుండ్రంగా గూడు కట్టింది. గూడు నడుమ ఇంటూ గుర్తులా తెల్లటి వంకరటింకర గీతలు. పొట్ట మీద పసుపు, గోధుమ రంగు అడ్డచారలు. మా అత్తయ్య "పిల్లల మీద పాకితే పొక్కులొస్తాయి, చీపురుతో కొట్టేయ్" అంటున్నారు. నాకేమో చంపబుద్ధి కావడం లేదు. ఇది విషప్పురుగేనా?

పెరటి_తోట: మీరు చెప్పిన గుర్తులు ఆర్జియోపె జాతివి. సిగ్నేచర్ స్పైడర్ అంటారు. ఇంకో రెండు చూడండి. తల కిందికి పెట్టి గూడు నడుమ ఉంటుంది, కాళ్లు రెండేసి జతగా చాపుతుంది కాబట్టి నాలుగే కాళ్లున్నట్టు కనిపిస్తుంది. గడ్డిపుల్లతో గూటి అంచు తాకితే మీదికి రాదు. గూడంతా గబగబా ఊపేస్తుంది, లేదా కిందికి జారిపోతుంది. విషం ఉంటుంది కానీ అది పురుగులకే. చేత్తో నలిపితే కరవొచ్చు, కాస్త నొప్పి, వాపు, అంతే. ఆ తెల్ల గీతలు పురుగుల్ని ఆకర్షించడానికని కొందరు, పక్షులు గూడు తెంచకుండా అని కొందరు, శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు!

రైతుబిడ్డ: ఫొటో కూడా లేకుండా ఎలా తేలుస్తారండీ? పోయిన వానాకాలం మా తమ్ముడికి మెడ మీద గీతలా పొక్కులొచ్చాయి, మంటకి నిద్రలేదు. సాలీడు పాకిందనే అందరూ అన్నారు. పసిపిల్లలున్న ఇంట్లో రిస్కెందుకు?

పీహెచ్‌సీ_నర్సు: తమ్ముడూ, ఆ పొక్కులు సాలీడువి కావు. చీమలా సన్నగా, నారింజ నలుపు పట్టీలతో సెంటీమీటరు కూడా లేని పురుగు ఒకటుంది, పేరు పెడెరస్. వానాకాలం రాత్రుళ్లు లైటు చుట్టూ చేరుతుంది. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకితే మనం చేత్తో రుద్దుతాం, అది నలిగి దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుతుంది. మర్నాడో ఆ మర్నాడో గీతలా ఎర్రబడి పొక్కులొస్తాయి. అప్పటికి పురుగు ఉండదు, మూలనున్న సాలీడు మీద నింద పడుతుంది. ఒంటి మీద పాకితే ఊదేయండి, వెంటనే సబ్బుతో కడగండి. కంటి దగ్గర వస్తే పసరు పూయకండి, డాక్టరుకు చూపించండి.

పెరటి_తోట: ఫొటో లేకపోయినా గూడును బట్టి చెప్పొచ్చు. బ్లాక్ విడో అనే ప్రమాదకరమైన సాలీడు రకాలు నేల దగ్గర, రాళ్ల సందుల్లో చిందరవందరగా అల్లుతాయి. చక్రంలా గూడు, నడుమ తెల్ల గీతలు ఉన్నాయంటే భయం లేదు.

రైతుబిడ్డ: పొక్కుల మాట ఒప్పుకుంటా. కానీ నడిచే దారికి అడ్డంగా ఉంటే పిల్లాడి మొహానికి తగలదా? అలాంటిచోట నేనైతే ఉంచను.

పెరటి_తోట: అది న్యాయమే. పొడుగు పుల్ల మీదికి ఎక్కించి పక్క చెట్టు మీద వదిలేయండి, కొత్త గూడు అదే కట్టుకుంటుంది. మందు మాత్రం కొట్టొద్దు, ఆ కరివేపాకు మీ పోపులోకే వస్తుంది.

గుంటూరు_గృహిణి: గూడు గోడవైపే ఉంది, ఎవరికీ అడ్డం లేదు. ఉంచేస్తున్నా. ఇవన్నీ చదివి వినిపిస్తే అత్తయ్య వరండా లైటు పెందలాడే ఆపేయమన్నారు.