అడెనోమయోసిస్ ఉంటే గర్భాశయ క్యాన్సర్ నెమ్మదిస్తుందా?

వేకువచుక్క: గర్భాశయం తొలగించాక వచ్చే పెథాలజీ రిపోర్టులో ఎండోమెట్రియల్ క్యాన్సర్ (గర్భాశయం లోపలి పొరలో పుట్టేది) పక్కనే అడెనోమయోసిస్ అని కూడా కొందరికి రాసి ఉంటుంది. లోపలి పొర గ్రంథులు కండర గోడలో చోటు చేసుకోవడమే అది. దానికదే క్యాన్సర్ కాదు. రెండూ ఉన్నవారిలో కణితి తక్కువ గ్రేడులో, తొలి స్టేజిలో కనిపిస్తోందని, ఎక్కువ కాలం బతుకుతున్నారని చాలా అధ్యయనాలు చెప్పాయి. చుట్టూ మందమైన కండరమే కణితిని లోతుకు దిగనివ్వడం లేదని నా అభిప్రాయం.

లెక్కలపిచ్చి: కండరం అడ్డుకుంటోందని ఎవరు చూశారండీ? అవన్నీ దాదాపుగా పాత రికార్డులు తిరగేసి చేసిన పరిశీలనలు. అధిక రక్తస్రావం, నొప్పి ఉన్నవారు డాక్టరు దగ్గరికి ముందే వెళతారు, క్యాన్సరూ ముందే బయటపడుతుంది. పైగా అడెనోమయోసిస్‌కూ, ఎండోమెట్రియాయిడ్ అనే మెతక రకం క్యాన్సర్‌కూ ఈస్ట్రోజెన్ హార్మోనే ఊతం. సీరస్ అనే దూకుడు రకం సాధారణంగా వయసు మళ్లాక, పొర పలచబడిన గర్భాశయంలో వస్తుంది. అంటే అడెనోమయోసిస్ కణితిని మచ్చిక చేయడం లేదు, మెతక రకం కణితులతో కలిసి కనిపిస్తోంది, అంతే.

స్లైడుబల్ల: మా పెథాలజీ బల్ల మీద జరిగేది ఇంకొకటి ఉంది. లోతుగా పాకిన కణితి గోడను తినేస్తే, అక్కడ అంతకుముందున్న అడెనోమయోసిస్ ఆనవాళ్లు కూడా పోతాయి. రిపోర్టులో ఆ మాటే ఉండదు. ముదిరిన కేసులన్నీ ఇలా ‘అడెనోమయోసిస్ లేని’ గుంపులో చేరితే ఆ గుంపు ఫలితాలు బాగుండవు మరి!

స్టేజి లెక్కలోనూ తంటా ఉంది. అడెనోమయోసిస్ గూళ్లలోకి కణితి పాకితే దాన్ని కండరంలోకి చొరబడినట్టు లెక్కించకూడదు. పొరబడితే, 2009 ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య) స్టేజి పద్ధతిలో కండరం సగం మందం లోపే ఆగిన ఒకటి-ఏ కాస్తా ఒకటి-బి అవుతుంది. గూడు అంచు నునుపుగా ఉందా, పక్కన మామూలు గ్రంథులు ఉన్నాయా అని చూస్తాం. లోపలి పొర గ్రంథుల చుట్టూ ఉండే కణాలకు రంగు పట్టించే సీడీ10 పరీక్షను నమ్ముకుంటే కష్టం, చొరబడిన గ్రంథుల చుట్టూ కూడా అది పడుతుంది.

వేకువచుక్క: ఒకే రకం, ఒకే గ్రేడు ఉన్నవారిని మాత్రమే పోల్చినా తేడా మిగిలితే?

లెక్కలపిచ్చి: మిగిలితే ఒప్పుకుంటాను. వయసు, గ్రేడు, స్టేజి సరిచేసి చూసినప్పుడు కొన్ని అధ్యయనాల్లో ఆ తేడా నిలవలేదు. 2013లో జన్యు మార్పులను బట్టి ఈ క్యాన్సర్‌ను నాలుగు గుంపులు చేశారు కదా, పోలిక ఆ గుంపుల లోపల జరగాలి. కణితులను అదుపులో పెట్టే పీ53 జన్యువు దెబ్బతిన్న కణితి ఉన్నవారికి అడెనోమయోసిస్ ఉందని ధైర్యం చెప్పే సాహసం నేను చేయను.

స్లైడుబల్ల: అరుదుగానైనా అడెనోమయోసిస్ గూటిలోనే క్యాన్సర్ పుడుతుంది, వేకువచుక్క గారూ. అప్పుడు లోపలి పొర బయాప్సీ మామూలుగానే రావచ్చు, గుర్తించేసరికి ఆలస్యమవుతుంది. మీ రక్షణ గోడ సిద్ధాంతంలో దీనికి చోటెక్కడ? ముట్లుడిగాక రక్తం కనిపిస్తే ‘పాత అడెనోమయోసిసే కదా’ అని ఊరుకోవద్దని మేము అనేది అందుకే.

వేకువచుక్క: ఊరుకోమని నేనూ అనలేదు, పరీక్ష చేయించాల్సిందే. కానీ కండరం సంగతి అప్పుడే కొట్టేయకండి, గుంపుల వారీ పోలికలు రానివ్వండి.