వీధి వ్యాపారుల చట్టం ఎవరి కృషి? మేధో సంస్థలదా, బండి తోసినవాళ్లదా?

సాగరతీరవాసి (చర్చ ప్రారంభించినవారు)

మొన్న విశాఖలో జరిగిన ఒక సభలో మాట్లాడిన వక్త, మన దేశంలో పేదలకు మేలు చేసిన చట్టాలలో చాలావాటి వెనుక థింక్ ట్యాంకులు అని మనం పిలిచే మేధో సంస్థల కృషి ఉందని, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే అందుకు తార్కాణమని చెప్పారు. ఆ మాటను పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు, పూర్తిగా కొట్టిపారేయడానికీ మనసొప్పలేదు. నివేదికలు రాసి, ముసాయిదాలు తయారుచేసి, మంత్రిత్వ శాఖల చుట్టూ తిరిగే సంస్థలు నిజంగా సమాజాన్ని మారుస్తున్నాయా, లేక రోడ్డు మీద పోరాడినవాళ్లు గెలిచిన తరువాత ఆ గెలుపుకు తమ పేరు తగిలించుకుంటున్నాయా? సభ్యులు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత ఉద్యోగి

నేను పట్టణ పాలనకు సంబంధించిన ఉద్యోగంలో ఉండి పదవీ విరమణ చేసినవాణ్ని కనుక, ఒక న్యాయమైన కోరిక ఫైలుగా మారి కదలడానికి ఏమేమి కావాలో నాకు తెలుసు. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(జి) కింద ప్రాథమిక హక్కేనని, అయితే అది సహేతుకమైన ఆంక్షలకు లోబడి ఉంటుందని సుప్రీంకోర్టు సోదన్ సింగ్ కేసులో 1989లోనే చెప్పింది. చెప్పినంత మాత్రాన తోపుడు బండ్ల మీద దాడులు ఆగాయా? ఏ వీధిలో, ఎంతమందికి, ఏ గుర్తింపు కార్డుతో, ఎవరి నిర్ణయంతో చోటు ఇవ్వాలన్న ప్రశ్నలకు తీర్పులో జవాబు లేదు. ఆ జవాబుకు కావలసిన సమాచారాన్ని కూర్చినవారు పరిశోధకులు. ఆచార్య షరీత్ భౌమిక్ ముంబయి, కోల్‌కతా, పట్నా, ఇంఫాల్ వంటి ఏడు నగరాలలో అధ్యయనం చేసి, వీళ్ల ఆదాయమెంత, రోజుకు ఎన్ని గంటలు నిలబడతారు, ఎవరికి ఎంత మామూలు కడతారు అన్నది గ్రంథస్థం చేశారు. ఆ తరువాతే 2004లో జాతీయ విధానం, 2009లో దాని సవరణ, 2010లో చట్టం చేయడానికి గడువు విధించిన సుప్రీంకోర్టు గైందా రామ్ తీర్పు, చివరకు 2014 మార్చి 4న రాష్ట్రపతి ఆమోదం వచ్చాయి. కాగితం లేకపోతే ఆవేదన మంత్రివర్గం దాకా వెళ్లదు.

పాదచారి

ఫుట్‌పాత్ నడిచేవారిది. ముందు ఆ సంగతి తేల్చి, తరువాత చట్టం ఎవరిదో మాట్లాడండి.

జాగృత పౌరుడు

అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఈ సంస్థలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 1973లో ఢిల్లీలో మొదలై ఎంతో పేరు తెచ్చుకున్న సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు విదేశీ విరాళాలు స్వీకరించే అనుమతిని కేంద్రం 2023లో నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేసింది. డబ్బిచ్చినవాడి ఉద్దేశమే విధానంగా మారుతుంది. దీనికి ఎవరైనా సమాధానం చెప్పిన తరువాత మిగతా విషయాలు చర్చించవచ్చు.

ఉత్తరాంధ్ర ఆడపడుచు

విశ్రాంత ఉద్యోగి గారూ, మీరు చెప్పిన తేదీలన్నీ సరైనవే. కానీ భౌమిక్ గారి అధ్యయనం ఎవరి కోసం జరిగిందో మీరు చెప్పలేదు. 1998లో ఏర్పడిన వీధి వ్యాపారుల జాతీయ సంఘం నాస్వీ కోసం జరిగింది. ఆ సంఘం వెనుక, ఇళా భట్ 1972లో అహ్మదాబాద్‌లో స్థాపించిన ‘సేవా’ అనే స్వయం ఉపాధి మహిళల సంఘంలో పాతికేళ్లుగా కూరగాయల తట్టలు మోసిన ఆడవాళ్ల పోరాటం ఉంది. సంఘం అడిగింది, ఆచార్యుడు రాశాడు. ఇందులో ఎవరు ముందు, ఎవరు వెనుక?

మన ప్రాంతం సంగతే చూడండి. అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాలలో గిరిజనుల భూములను ప్రైవేటు గనులకు లీజుకిస్తుంటే, సమత సంస్థ గిరిజనుల పక్షాన నిలిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి దక్కకూడదన్న 1/70 నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుందని, అందువల్ల ఆ లీజులు చెల్లవని 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ఢిల్లీలో కూర్చుని నివేదిక రాసినందుకు వచ్చిన తీర్పు కాదది.

నా సొంత అనుభవం కూడా చెబుతాను. మేము అప్పట్లో ఉన్న పట్టణంలో మా అమ్మ బస్టాండు దగ్గర జామకాయలు, సీతాఫలాలు అమ్మేది. ఒక సంస్థ తరఫున చదువుకున్న పిల్లలు వచ్చి, ఎంత సంపాదిస్తావు, ఎవరికి వడ్డీ కడతావు, ఎప్పుడైనా బండి తీయించారా అని పొద్దుపోయేదాకా అడిగి, ఫొటో తీసుకుని వెళ్లారు. మళ్లీ రాలేదు. ఆ తరువాత కొన్నాళ్లకు సిబ్బంది వచ్చి బండిని లారీలో వేసుకుపోయినప్పుడు, అమ్మ ఆ పిల్లల్లో ఒకరు ఇచ్చిన ఫోన్ నంబరుకు చేయించింది. అది తమ పరిధిలోని విషయం కాదని అవతల నుంచి చెప్పారు. మా అమ్మ జవాబులు ఏ పట్టికలో చేరాయో, ఎవరి చేతికి వెళ్లాయో మాకు ఇప్పటికీ తెలియదు.

విశ్రాంత ఉద్యోగి

మీ అమ్మగారికి జరిగింది అన్యాయమే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ బండి తీసినది చట్టం రాకముందా, వచ్చిన తరువాతా? ఈ తేడా చాలా ముఖ్యం. 2014 చట్టంలోని సెక్షన్ 3(3) ప్రకారం సర్వే పూర్తయి, అర్హులందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు, అంటే వీధిలో అమ్ముకునే అనుమతి పత్రాలు, ఇచ్చే వరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వేరే చోటికి తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఈ వాక్యాలు ఎవరో కూర్చుని, పదం పదం తూచి రాస్తేనే వచ్చాయి.

ఉత్తరాంధ్ర ఆడపడుచు

చట్టం వచ్చిన తరువాతే తీశారు. నోటీసు లేదు.

జాగృత పౌరుడు

నిధుల ప్రశ్నకు ఇంకా సమాధానం రాలేదు.

న్యాయశాస్త్ర విద్యార్థిని

జాగృత పౌరుడు గారూ, అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు కొందరు 1999లో అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) అనే సంస్థ పెట్టి, అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు ఓటరుకు తెలియాలని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2002లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఈ రోజు మీరు విశాఖ అభ్యర్థి అఫిడవిట్ చదవగలుగుతున్నది అందువల్లనే. నిధుల లెక్కలు బయటపెట్టమని అడగడం న్యాయమే కానీ, అది ఒక్కటే కొలమానం కాదు.

జాగృత పౌరుడు

ఒక మంచి ఉదాహరణ చూపినంత మాత్రాన మిగతావారి ఖాతాలు శుభ్రమైపోవు. లెక్కలు చూపనివారి నివేదికను ప్రభుత్వం చేతిలోకి తీసుకోకూడదు.

విశ్రాంత ఉద్యోగి

చర్చ పక్కదారి పడుతోంది. ఆడపడుచు గారూ, ఒక మాట సూటిగా అడుగుతాను. చట్టం ప్రకారం ఒక పట్టణ జనాభాలో 2.5 శాతం మేరకు వీధి వ్యాపారులకు చోటు కల్పించాలి. 2011 జనగణనలో మన నగర జనాభా 17 లక్షలు దాటింది. అంటే 40 వేలమందికి పైబడిన లెక్క. పూర్ణా మార్కెట్ సందుల్లో ఎంతమంది, గాజువాకలో ఎంతమంది, బీచ్ రోడ్డులో ఎంతమందిని అనుమతించాలి, ట్రాఫిక్ మాటేమిటి, పైన పాదచారి గారి అభ్యంతరానికి జవాబేమిటి అన్నవి శిక్షణ పొందినవారు తేల్చవలసిన విషయాలు. బండి తోసే మనిషి తన బాధ చెప్పగలడు, ముసాయిదా రాయలేడు.

ఉత్తరాంధ్ర ఆడపడుచు

ఇన్నిసార్లు రాసింది ఈ ఒక్క మాట కోసమా? ఏ వేళ ఏ సందులో లారీ తిరుగుతుందో, ఏ మూల బండి పెడితే నడిచేవాళ్లకు అడ్డం రాదో, తెల్లవారుజామున రైతుబజారు సరుకు దిగాక ఎవరు ఎక్కడికి చేరతారో తెలిసినది ఆ మనిషికే. మీ శిక్షణ పొందినవారు మధ్యాహ్నం వచ్చి లెక్కపెడితే పొద్దున్న టిఫిన్ బండీ ఉండదు, సాయంత్రం బజ్జీల బండీ ఉండదు. ఆ సర్వేలో పేరు లేనివాడు చట్టం దృష్టిలో లేనివాడు. సర్టిఫికెట్ రాదు, కనీసం సిఫారసు లేఖ లేకపోతే 2020లో మొదలైన స్వనిధి పథకం కింద బ్యాంకు అప్పు కూడా పుట్టదు. లెక్క తప్పితే నష్టపోయేది రాసినవాడు కాదు.

విశ్రాంత ఉద్యోగి

అందుకే పట్టణంలో వీధి వ్యాపారం సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో చట్టం 40 శాతం స్థానాలు వ్యాపారులకే, అదీ ఎన్నిక ద్వారా ఇచ్చింది. వాటిలో మూడో వంతు మహిళలకు. మరి ఫిర్యాదు ఎందుకు?

ఉత్తరాంధ్ర ఆడపడుచు

ఎన్నికకు ఓటర్ల జాబితా కావాలి, జాబితాకు సర్వే కావాలి, సర్వే చేయించవలసినది ఆ కమిటీయే. ఈ ముడిని ముసాయిదా రాసినవారు విప్పకుండా వదిలేశారు. ఎన్నికే జరగకపోతే మిగిలేవి కమిషనర్ అధ్యక్షత, అధికారుల కుర్చీలు, సంస్థలకని చట్టం కేటాయించిన కనీసం 10 శాతం నామినేటెడ్ స్థానాలు. మా పేరుతో మాట్లాడేది చివరకు ఎవరో మీరే చెప్పండి.

విశ్రాంత ఉద్యోగి

సరే, దాపరికం లేకుండా చెబుతాను. ఆ ఎన్నికల మీద నాకు నమ్మకం లేదు. ఉద్యోగంలో ఉండగా నేను చూసినంతలో, బజారులో ఎన్నిక అంటే రోజువారీ వడ్డీకి అప్పులిచ్చేవాడో, ఆశీళ్ల వేలం పాడుకున్నవాడో, ఏదో పార్టీ జెండా కట్టినవాడో గెలుస్తాడు. నామినేట్ అయిన నిజాయితీపరుడైన పరిశోధకుడు, గెలిచిన దళారి కంటే ఆ పేద వ్యాపారికి ఎక్కువ మేలు చేస్తాడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఉత్తరాంధ్ర ఆడపడుచు

ఈ మాట మొదటే అని ఉంటే తేదీల మీద ఇంత వాదన ఉండేది కాదు. మీరు చెప్పిన దళారి ఉన్నాడు, మా అమ్మ అతనికి వడ్డీ కట్టింది. కానీ గెలిచిన దళారిని మరుసటి ఎన్నికలో ఓడించవచ్చు, బజారులో నిలదీయవచ్చు. నామినేట్ అయిన పెద్దమనిషిని మేము ఎక్కడ పట్టుకుంటాం? సంస్థలు వద్దని నేను అనడం లేదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి ఊరి మధ్య కూలీల హాజరు పట్టికలను బిగ్గరగా చదివించింది. ఆ పేరున్నవాళ్లే లేచి, నేను ఆ పని చేయలేదు, ఆ డబ్బు నాకు రాలేదు అని చెప్పారు. 2005 సమాచార హక్కు చట్టానికి ఆ సభలు పునాది. సర్వే చేసే సంస్థ ఏదైనా ఆ పద్ధతి పాటించాలి. పేర్ల జాబితాను తెలుగులో బజారు గోడ మీద అతికించి, పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి చదివి వినిపించి, తప్పిపోయినవాళ్లను చేర్చిన తరువాతే ఢిల్లీకి పంపాలి.

పాదచారి

ఆ జాబితాతో పాటు, నడవడానికి ఎన్ని అడుగులు వదిలారో కూడా అతికిస్తే నాకు అభ్యంతరం లేదు.

విశ్రాంత ఉద్యోగి

జాబితా చదివించడం మంచి పద్ధతి, ఒప్పుకుంటున్నాను. ఎన్నికల మీద నా అనుమానం మాత్రం అలాగే ఉంది. రహస్య బ్యాలెట్ లేకుండా, అప్పులిచ్చేవారు పోటీ చేయకుండా నిషేధం లేకుండా ఆ 40 శాతం స్థానాలను నింపితే, వ్యతిరేకిస్తూ మొదట రాసేది నేనే.

ఉత్తరాంధ్ర ఆడపడుచు

రహస్య బ్యాలెట్‌కు నేనూ సిద్ధమే. నిషేధం ఎవరి మీద పెట్టాలో మాత్రం ఓటు వేసేవాళ్లను అడిగి పెట్టండి.