చిలుక రెక్కలు కత్తిరించాలా వద్దా? అర్జెంటుగా చెప్పండి

కొర్లగుంట కుర్రాడు:
సాయంత్రం నుంచి యూట్యూబ్ చూసి చూసి తల వాచిపోయింది. ఒకడు కత్తిరించమంటాడు, ఇంకొకడు మహాపాపం అంటాడు. మా ఇంట్లో చిలుక ఉంది. పంజరం తలుపు తీస్తే చాలు, గోడకు కొట్టుకుంటుంది, బీరువా వెనక పడిపోతుంది. నిన్న బీరువా జరపడానికి పక్కింటాయన్ని పిలవాల్సి వచ్చింది. "రెక్కలన్నా కత్తిరించు, లేదంటే ఎవరికన్నా ఇచ్చేయ్" అని మా అమ్మ గొడవ. ఎన్ని ఈకలు, ఎక్కడిదాకా కోయాలి? పాపం పుణ్యం లెక్చర్లు వద్దు, సూటిగా చెప్పండి ప్లీజ్.

శేషాచలం ప్రకృతి:
ముందు ఏ చిలుకో చెప్పండి బాబూ. పచ్చగా, ముక్కు ఎర్రగా ఉండే రామచిలుకైతే రెక్కల సంగతి తర్వాత, దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశపు చిలుకలన్నిటికీ వర్తిస్తుంది. కొన్నా, అమ్మినా, పెంచినా కేసే. "మా తాతల కాలం నుంచి పెంచుతున్నాం" అంటే కుదరదు. జోస్యం చెప్పేవాళ్ళ చిలుకలకూ ఇదే చట్టం, కానీ అడిగేదెవరు? అలాగని భయపడి రాత్రికి రాత్రి మిద్దె మీద నుంచి వదిలేయకండి, ఎగరలేని పక్షి తెల్లారేసరికి కాకుల పాలవుతుంది. అటవీ శాఖ వాళ్ళకు అప్పజెప్పండి. ఈ విషయం మీద ఎంత చెప్పినా తక్కువే. మన జనం కొండ మీద కోతులకు బిస్కెట్లు పెడతారు, ఇంట్లో చిలుకను బంధిస్తారు...

కొర్లగుంట కుర్రాడు:
సార్, రామచిలుక కాదు. బూడిద రంగు, తల మీద కుచ్చు, బుగ్గల మీద నారింజ రంగు చుక్కలు. షాపులో చిలుక అనే ఇచ్చారు.

అలిపిరి మామ:
కాకటీల్. ఫ్యాన్ ఆపు. ఏమీ కోయొద్దు.

శేషాచలం ప్రకృతి:
అయితే ఆస్ట్రేలియా పక్షి, నేను చెప్పిన చట్టం దీనికి వర్తించదు. కానీ దాన్ని చిలుక అనడం తప్పు, అది కాకటూల కుటుంబం.

తిరుచానూరు టీచర్:
కాకటూలు కూడా చిలుకల వర్గంలోవే అండీ. అబ్బాయి అడిగింది అది కాదు.

భవానీనగర్ అక్క:
వంటింట్లో నాన్‌స్టిక్ పెనం ఉందా తమ్ముడూ? ఖాళీ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగకు పక్షులు నిమిషాల్లో చచ్చిపోతాయి, మనకు వాసన కూడా సరిగా తెలీదు. రెక్కల కన్నా ముందు అది చూడు.

కొర్లగుంట కుర్రాడు:
అక్కా, మాది ఇనుప పెనం. ఎన్ని ఈకలో ఎవరూ చెప్పరా?

తిరుచానూరు టీచర్:
చెప్తాను, కానీ పూర్తిగా చదువు. రెక్క చివర్లో పది పెద్ద ఈకలుంటాయి. కత్తిరింపు అంటే వాటిలో బయటివి కొన్నిటిని, పైన కప్పి ఉండే చిన్న ఈకల అంచుకు కాస్త కిందుగా, రెండు వైపులా సమానంగా కోయడం. ముదిరిన ఈకకు నొప్పి ఉండదు, మన గోరు లాంటిదే. కొత్తగా వచ్చే ఈక మాత్రం తెల్లటి తొడుగులో ఉంటుంది, దాని కాడ నల్లగా, నీలంగా కనిపిస్తుంది. లోపల ఉండేది రక్తం. అది తెగితే ధార కడుతుంది. అప్పుడు కార్న్‌ఫ్లోర్ అద్ది, బట్టతో మెల్లగా నొక్కిపట్టి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. వీడియోల్లో ఇది చూపించరు.

ఇంకొకటి. కాకటీల్ నూరు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఈకలు కోసినా సరే, గాలి తగిలితే లేచిపోతుంది. కోశాం కదా అని భుజం మీద పెట్టుకుని మిద్దె ఎక్కి పోగొట్టుకున్న వాళ్ళను చూశాను.

సరే, అది పడేటప్పుడు ఎటు పడుతోంది? నేరుగా దిగుతోందా, ఒకే వైపు తిరిగిపోతోందా? రెక్కలు రెండూ విప్పి ఫోటో పెట్టు.

చిత్తూరు పావురాలు:
మా పావురాలకు మేమెప్పుడూ ఈకలు కోయం. కొత్త పావురం ఇల్లు మరిగేదాకా ఈకల్ని దారంతో కడతాం, తర్వాత విప్పేస్తాం. ఈకకు ఈక ఉంటుంది, పక్షికి పక్షి ఉంటుంది. ఈ కాలం పిల్లలకు అన్నిటికీ కత్తెరే.

కొర్లగుంట కుర్రాడు:
ఫోటో పెట్టాను. ఎడమ వైపు ఈకలు షాపులోనే కోసి ఇచ్చారు, చేతికి అలవాటయ్యేదాకా అంట. కుడి వైపు మామూలే. అందరికీ అట్లే ఇస్తారంట కదా? పడేది ఎప్పుడూ ఎడమ వైపే.

తిరుచానూరు టీచర్:
ఇంతసేపూ చెప్పాల్సింది ఇదే కదా నాయనా! ఒక రెక్కే కోస్తే పక్షి అటు వైపు ఒరిగి తిరిగిపోతుంది, దిగేటప్పుడు వేగం తగ్గించుకోలేదు, వెళ్ళి రొమ్ము మీద పడుతుంది. రొమ్ము ఎముక మీద చర్మం చిట్లిందేమో ఈకలు ఊది చూడు. నీ పక్షి గోడకు కొట్టుకునేది ఎగరడం ఎక్కువై కాదు, సరిగా ఎగరలేక.

అలిపిరి మామ:
కుడి వైపు కూడా కోస్తే సమానమవుతుంది.

తిరుచానూరు టీచర్:
ఇందాక కోయొద్దన్నది మీరే కదండీ!

అలిపిరి మామ:
ఇందాక ఒక వైపు కోశారని చెప్పలేదు.

తిరుచానూరు టీచర్:
అదీ నిజమే. సమానం చేస్తే నేరుగా దిగుతుంది, కాదనను. కానీ ఎడమ వైపు ఎన్ని ఈకలు, ఎంత పొట్టిగా కోశారో ఫోటోలో తెలియడం లేదు. మొదటిసారి కోసేవాడికి ఇది ఇంట్లో చేసే పని కాదు. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఫోన్ చేసి, పక్షుల్ని ఎప్పుడు చూస్తారో కనుక్కుని తీసుకెళ్ళు. కోసిన మోడులు వాటంతట అవే పెరగవు, రాలి కొత్త ఈక రావాలి. నెలలు పడుతుంది. అప్పటిదాకా కూర్చునే కర్ర కిందికి దించు, అడుగున మెత్తటి దుప్పటి పరువు. కొత్త ఈకలు ఒకటీ అరా వచ్చేటప్పుడు పక్కన ఆసరా ఉండదు, పడితే విరుగుతాయి. అప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

కొర్లగుంట కుర్రాడు:
రొమ్ము మీద కొంచెం ఎర్రగానే ఉంది. రేపు తీసుకెళ్తాను. బీరువా వెనక సందులో అట్టలు కుక్కేశాను. ఫ్యాన్ లేకుండా ఈ ఎండల్లో మేమెట్లా బతకాలో కూడా చెప్పండి.

అలిపిరి మామ:
పంజరం మూసి ఫ్యాన్ వేసుకో.

కొర్లగుంట కుర్రాడు:
ఓకే థ్యాంక్స్.

చిత్తూరు పావురాలు:
దారం సంగతి ఎవరూ మాట్లాడరే?

శేషాచలం ప్రకృతి:
అన్నా, ఆ పావురాలు ఏ జాతివో ముందు చెప్పండి.