మ్యూజియం దెయ్యం సినిమా చివర్లో మ్యూజియం తగలబడి తీరాలా?

సెకండ్ షో:
నవ్విస్తూ భయపెట్టే మ్యూజియం సినిమాలు ఈమధ్య వరసపెట్టి చూస్తున్నాను. ఒక విషయం మీద మీ అందరితో వాదించి తేల్చుకోవాలని ఇక్కడ పెడుతున్నాను. వీటి సరుకు మనకి తెలిసిందే. నిన్నటిదాకా లేని మ్యూజియం రాత్రికి రాత్రి వెలుస్తుంది, ఓనరు అతి మర్యాదగా మాట్లాడతాడు, పగలు రమ్మనకుండా అర్ధరాత్రికి రమ్మంటాడు. "తాకరాదు" అన్న బోర్డు చదివి మరీ తాకేవాడు ఒకడు, ఎవరికీ అర్థం కాని శాసనాన్ని పైకి చదివే అమ్మాయి ఒకతె, బొమ్మల మధ్య బొమ్మలా బిగుసుకుని నిలబడి తుమ్ము ఆపుకోలేని కమెడియన్ ఇంకొకడు. ఇవన్నీ నాకు ఇష్టం, ఎన్నిసార్లు వచ్చినా ఇష్టమే. ఆ తుమ్ము ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటంలోనే సగం మజా ఉంది.

నా పేచీ అంతా చివర్లో వచ్చే మంటతో. 1933లో వచ్చిన 'మిస్టరీ ఆఫ్ ద వ్యాక్స్ మ్యూజియం', దాన్నే మళ్లీ తీసిన 1953 నాటి 'హౌస్ ఆఫ్ వ్యాక్స్', రెండింట్లోనూ మంట మొదట్లోనే వస్తుంది. ఇన్సూరెన్స్ డబ్బు కోసం వ్యాపారంలో భాగస్వామే మ్యూజియానికి నిప్పు పెడతాడు. తన చేతులతో చేసిన బొమ్మలు కళ్లముందే కరిగిపోతుంటే ఆ శిల్పికి మతి చెడుతుంది. అంటే అక్కడ నిప్పు పెట్టడం నేరం. 1988 నాటి 'వ్యాక్స్‌వర్క్' దగ్గరికి వచ్చేసరికి ఆ నిప్పే పరిష్కారం అయిపోయింది. పెద్ద కొట్లాట, మంటలు, హీరో హీరోయిన్ బయటపడతారు, శిథిలాల్లోంచి ఒక తెగిన చెయ్యి పాక్కుంటూ వస్తుంది, సినిమా అయిపోతుంది.

ఇది నాకెందుకు నచ్చదంటే, మ్యూజియంలో భయం పుట్టేదే "ఈ వస్తువు ఇక్కడికి ఎలా వచ్చింది" అన్న అనుమానం నుంచి. సమాధి తవ్వి తెచ్చారనో, గుడిలోంచి ఎత్తుకొచ్చారనో మొదటి సగంలో సినిమాయే చెబుతుంది. తీరా చివర్లో అంతా బూడిద చేసి మనల్ని చప్పట్లు కొట్టమంటుంది. ఎత్తుకొచ్చినవాడి లెక్క ఎక్కడ తేలింది? ఆ వస్తువు ఎవరిదో వాళ్లని ఎవరైనా అడిగారా? మన అమరావతి స్తూపం పలకలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రేపు ఎవరైనా ఆ గదిలో దెయ్యం సినిమా తీసి క్లైమాక్స్‌లో ఆ గదిని తగలబెడితే మనం ఈల వేస్తామా? నేనైతే వెయ్యను. మన ఆంధ్రలోని చందవరంలో దొరికిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చింది. అలాంటి ముగింపు బయట నిజంగా జరుగుతుంటే, సినిమావాళ్లకి అగ్గిపెట్టె తప్ప ఇంకేమీ ఎందుకు కనబడదు?

మెలోడీ బాల్కనీ:
సెకండ్ షో గారూ, నేను ఒప్పుకోను.

మైనం కరగాలండి. తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మంట అంటుకోనక్కర్లేదు, సెగ తగిలితే చాలు. కనుగుడ్డు చెంప మీదికి జారుతుంది, ముక్కు గడ్డం మీదికి వస్తుంది. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది, అదే సమయంలో నవ్వు ఆగదు. భయం, నవ్వు రెండూ ఒకే షాట్‌లో ఇచ్చే సరుకు ఇంకోటి చూపించండి. 2005లో మళ్లీ అదే పేరుతో వచ్చిన 'హౌస్ ఆఫ్ వ్యాక్స్'లో ఇల్లు మొత్తం మైనమే, పరిగెడదామంటే మెట్లు కూడా మెత్తబడి కాళ్లు దిగబడిపోతాయి. కథ ఎంత బలహీనంగా ఉన్నా ఆ క్లైమాక్స్ కోసం మళ్లీ చూస్తాను.

ఇక మీరు చెప్పే ముగింపు మనకేమన్నా కొత్తా? తెలుగు హారర్ కామెడీ నడిచేదే దాని మీద. దెయ్యానికి ఒక ఫ్లాష్‌బ్యాక్, అందులో అన్యాయం, ఇంటర్వెల్ తర్వాత ఏడుపు, చివర్లో న్యాయం, తెల్లటి వెలుగులో ఆత్మ పైకి. 2013, 14 నుంచి ఇదే వరస చూసి విసుగెత్తిపోయాం. 2017లో 'ఆనందో బ్రహ్మ' వచ్చి, దెయ్యాలే మనుషుల్ని చూసి జడుసుకుంటే ఎలా ఉంటుందని తిరగేసింది కాబట్టే అంత హాయిగా నవ్వాం. మీరేమో నిప్పు తీసేసి దాని చోట అరిగిపోయిన ఫ్లాష్‌బ్యాక్ పెట్టమంటున్నారు. వస్తువుని పట్టుకుని ఊరు చేరడం, పూజారి కళ్లు తుడుచుకోవడం, ఒక పాట. మంట ఉంటే కనీసం ఉపన్యాసం ఉండదు.

కంచరపాలెం కుర్రాడు:
మెలోడీ అన్నకే నా ఓటు. రాత్రి ఆటకి జగదాంబ థియేటర్‌లో టికెట్ కొనుక్కుని వచ్చినోడికి ఏదో ఒకటి పేలాలి, కూలాలి. అసలు మనకి బొమ్మ కదిలితే ఎంత ఇష్టమో సాలార్‌జంగ్ మ్యూజియంలో తెలుస్తుంది, గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే ఆ కాస్త దానికే జనం ముందే వచ్చి కూర్చుంటారు. అది కదిలితే సంతోషం, కదలకూడనిది కదిలితే భయం, దాన్ని ఆపాలంటే ఏదో ఒకటి చెయ్యాలి కదా.

ఉప్పుగాలి:
మా నాన్నగారు చాలాకాలం ఒక మ్యూజియంలో నైట్ డ్యూటీ చేశారు. ఎక్కడన్నది ఇక్కడ అనవసరం. ఈ సినిమాల్లో నాకు గుచ్చుకునేది వాచ్‌మన్ పాత్ర. మొదట చచ్చేది అతనే, లేకపోతే తాగి పడుకునేది అతనే, అదీ కాకపోతే దెయ్యాన్ని చూసి ప్యాంటు తడుపుకునేది అతనే. ఏ గాజు పెట్టెలో ఏముందో, ఏ కిటికీకి గడియ సరిగా పడదో, ఏ తాళం ఎటు తిప్పితే పడుతుందో ఆ బిల్డింగ్ మొత్తం మీద తెలిసినవాడు అతనొక్కడే. అయినా ఒక్క సినిమాలో కూడా హీరో వెళ్లి అతన్ని సరిగా ఒక మాట అడగడు.

నాన్నగారికి రాత్రుళ్లు భయం ఉండేది. పాత వైరింగ్ దగ్గర కాలిన వాసన ఏమైనా వస్తోందా, వానకి పైకప్పు కారి నీళ్లు పెట్టెల్లోకి దిగుతున్నాయా, చెక్క బీరువాలకి చెద పట్టిందా అని. సముద్రం ఎదురుగా ఉన్న బిల్డింగ్ అయితే ఉప్పు గాలికి ఇనుము పొట్టు పొట్టుగా రాలిపోతుంది. అందుకే మంట చూసి నవ్వడం నా వల్ల కాదు. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో నేచురల్ హిస్టరీ మ్యూజియం కాలిపోయింది. 2018 సెప్టెంబరులో రియో డి జనీరోలో బ్రెజిల్ నేషనల్ మ్యూజియం తగలబడితే ఆ దృశ్యాలు టీవీలో చూసి నాన్నగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పదకొండు వేల ఏళ్ల నాటి ఒక స్త్రీ పుర్రెని తర్వాత బూడిదలోంచి ముక్కలుగా ఏరారు. మెలోడీ బాల్కనీ గారూ, మంటలో ఉపన్యాసం ఉండదన్నారు, నాకు మాత్రం ప్రతిసారీ ఆ బూడిదే కళ్లముందు ఆడుతుంది.

కంచరపాలెం కుర్రాడు:
అక్కా, మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నా. నిజంగా జరిగినవాటిని సినిమా వదిలేస్తే ఇక భయం ఎక్కడి నుంచి తేవాలి? లండన్‌లో మేడమ్ టుస్సాడ్స్ 1925లో నిజంగానే కాలిపోయింది, 1928లో మళ్లీ తెరిచారు. 1933 సినిమా మొదలయ్యేది లండన్‌లో మైనపు మ్యూజియం తగలబడటంతోనే. జనం రెండూ చూశారు. వాచ్‌మన్ విషయంలో మాత్రం మీ మాటే నా మాట, ఆ ప్యాంటు జోకులు ఇక చాలు.

భీమిలి మాస్టారు:
మంట దగ్గరే అందరూ ఆగిపోయారు. దానికంటే ముందు శాపం సంగతి చూడాలి. శాపం లేకపోతే మంట అవసరమే రాదు కదా.

ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధి 1922 నవంబరులో బయటపడింది. తవ్వకానికి డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో చనిపోయాడు, దోమకాటు పుండై రక్తం విషపూరితమైంది. పత్రికలు దాన్ని శాపం చేసి అమ్ముకున్నాయి. సమాధి తలుపు స్వయంగా తెరిచిన హోవార్డ్ కార్టర్ 1939 దాకా బతికాడు, అతని గురించి ఏ సినిమావాడికీ పట్టదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో 1930 నుంచి ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. తరాల తరబడి బడి పిల్లలు విహారయాత్రకి వెళ్లి చూసి, బయటికొచ్చి పులిహోర తిని క్షేమంగా ఇంటికి చేరుతున్నారు.

నాకు కోపం తెప్పించేది ఇంకోటి ఉంది. శాపం పెట్టేవాళ్లు ఎప్పుడూ ఈజిప్టువాళ్లు, లేదంటే అడవిలో ఉండే గిరిజనులు. వాళ్ల తాలూకు ముసలాయన ఒక్క సీనులో వచ్చి కళ్లు పెద్దవి చేసి హెచ్చరించి మాయమైపోతాడు. అరకు గిరిజన మ్యూజియంలో వంట చేస్తున్నట్టు, ధింసా ఆడుతున్నట్టు నిలువెత్తు బొమ్మలు ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఒక కుర్రాడు బొమ్మని చూసి కెవ్వున అరిచాడు, పక్కనే నిలబడ్డ అక్కడి ఆవిడ వాడి భయం చూసి పడీపడీ నవ్వింది. భయపడింది మావాడు, నవ్వింది ఆవిడ. సినిమాల్లో ఆ నవ్వు ఆవిడకి ఎప్పుడూ దక్కదు. సెకండ్ షో, నువ్వు చెప్పే ముగింపులో కూడా వాళ్లు చేతులు చాచి వస్తువు అందుకోవడానికే ఉన్నారు. మొదటి రీలు నుంచి వాళ్లు కథలో ఉండాలి, జోకులు వాళ్లు వెయ్యాలి. లేకపోతే నీ ముగింపుకీ ఆ మంటకీ నాకు పెద్ద తేడా కనబడదు.

సెకండ్ షో:
మాస్టారూ, నేనూ ఒక మ్యూజియం దెయ్యం కథ రాస్తున్నాను, ఈ మాట దానికి చాలా పనికొస్తుంది, నిజంగా.

మెలోడీ గారూ, ఫ్లాష్‌బ్యాక్ అన్నారు కాబట్టి చెబుతాను. మన దెయ్యం కథలో తప్పు చేసినవాడు ఒక్కడే ఉంటాడు, వాడు చస్తే లెక్క సరి. మ్యూజియంలో అలా కుదరదు. తవ్వినవాడు, అమ్మినవాడు, ఓడలో తెచ్చినవాడు, దానం చేసి గోడ మీద పేరు చెక్కించుకున్నవాడు, రిజిస్టర్‌లో రాసిన గుమాస్తా, టికెట్ కొని చూసిన మనం, ఇంతమంది ఉన్నాం. దెయ్యం ఎవర్ని పట్టుకోవాలి? నాకు అన్నిటికంటే భయం పుట్టించే సీను ఆ రిజిస్టర్ తెరిచి వరసగా పేర్లు చదవడం, ఆ పేర్లలో హీరో ఇంటిపేరు కనబడటం.

ఇక నవ్వు సంగతి. వస్తువుని వెనక్కి పంపడం ఎంత తలనొప్పో ఆలోచించండి. చెక్క పెట్టె, ఇన్సూరెన్స్, ఎగుమతి పత్రాలు. పెట్టె వైజాగ్ పోర్టులో దిగుతుంది, కాగితంలో ఒక సంతకం లేదని కస్టమ్స్ వాళ్లు గోడౌన్‌లో పెట్టేస్తారు. వందల ఏళ్లు ఓపిక పట్టిన దెయ్యం ఇక్కడ సోమవారం దాకా ఆగాలి. ఆ గోడౌన్ రాత్రి కాపలాదారుడే నా కథకి హీరో. దెయ్యం మాట్లాడే పాత తెలుగు అతనికి సగమే అర్థమవుతుంది, అతని మాట దానికి అసలే అర్థం కాదు. ఇందులో పూజారి లేడు, కన్నీళ్లు లేవు.

మెలోడీ బాల్కనీ:
గోడౌన్ బాగుంది, దాచుకోను. కాని క్లైమాక్స్ ఏది? సంతకం దొరికింది, పెట్టె కదిలింది, ఇంతేనా? ప్రాణం మీదికి రావాలి కదా. మీకు నిప్పు వద్దంటే దానంత బరువైనది ఇంకేదైనా తేవాలి.

కంచరపాలెం కుర్రాడు:
మన వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసుర ఉండగా వెతుకులాట ఎందుకు? 1969 నుంచి 2001 దాకా నేవీలో తిరిగిన సబ్‌మెరైన్, 2002 నుంచి ఒడ్డున మ్యూజియం. 91 మీటర్ల ఇనుప గొట్టం, లోపల ఇరుకు గదులు, గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత, వంగి కాలు ముందు పెట్టి దూరాలి. నావికుల డ్రెస్ వేసిన బొమ్మలు కూడా ఉన్నాయి లోపల. దెయ్యం వెంటపడితే పక్కకి తప్పుకునే దారి లేదు, లావుపాటి కమెడియన్ ఆ కంతలో ఇరుక్కుంటే వెనక ఉన్నోళ్లందరి పనీ అయిపోయినట్టే. ఇనుము కాబట్టి తగలబెట్టే గొడవే లేదు, మీ ఇద్దరికీ సరిపోతుంది.

ఉప్పుగాలి:
మన ఊళ్లో మ్యూజియం మీదికి ఏదైనా వచ్చిపడితే అది గాలీ, నీళ్లూ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నాడు ఆ గాలి చప్పుడు విన్నవాళ్లకి వేరే సౌండ్ ఎఫెక్ట్ అక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, తలుపు బయట నిలవడానికి లేదు, లోపల పెట్టెలోంచి బయటికొచ్చిన ఆ దెయ్యం, వాచ్‌మన్. ఇద్దరూ కలిసి ఒకే కిటికీని పట్టుకుని నిలబడాలి, ఎందుకంటే అది ఊడితే లోపలున్నవన్నీ పోతాయి. దెయ్యానికి కూడా పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

భీమిలి మాస్టారు:
అమ్మా, హుద్‌హుద్‌ని కామెడీలో పెట్టడానికి నాకు మనసొప్పదు. మా వైపు ఇళ్లూ పడవలూ పోయినవాళ్లు ఇంకా ఉన్నారు. తుఫాను ఉండనీ, దానికి ఆ పేరు వద్దు, ఆ తేదీ వద్దు.

ఉప్పుగాలి:
పేరు తీసేద్దాం మాస్టారూ, కాని తుఫాను తీసెయ్యొద్దు. ఆ రాత్రి నాన్నగారు డ్యూటీలోనే ఉన్నారు. కిటికీలకి అడ్డంగా బల్లలు తోసి తెల్లారేదాకా వాటికి ఆనుకుని నిలబడ్డారు. అది సినిమాలో చూడాలని నాకు చాలా ఉంది.

మెలోడీ బాల్కనీ:
కిటికీ పట్టుకునే సీనుకి నేను టికెట్ కొంటాను. మైనం కరగడం కంటే గొప్పదని మాత్రం ఇప్పటికీ అనను.

సెకండ్ షో గారికి ఇంకొక్క ప్రశ్న, దీనికి జవాబు ఉంటేనే మీ వాదన నిలుస్తుంది. విదేశాల నుంచి వెనక్కి వచ్చినవి అన్నీ సొంత ఊరికి చేరుతున్నాయా? అలా తిరిగొచ్చిన వాటికీ, దొంగరవాణాలో పట్టుబడిన వాటికీ ఢిల్లీ పురానా ఖిలాలో 2019లో ఒక గ్యాలరీ తెరిచారు. అంటే మీ దెయ్యం సముద్రాలు దాటి వచ్చి మళ్లీ ఒక గాజు పెట్టెలోకే వెళ్తుంది. అప్పుడేం చేస్తుంది?

సెకండ్ షో:
మళ్లీ వెంటపడుతుంది. అందుకే కథ పోర్టు గోడౌన్‌లో పెట్టాను, అక్కడి నుంచి పెట్టె ఢిల్లీకి వెళ్లాలో ఊరికి వెళ్లాలో ఇంకా ఎవరూ తేల్చలేదు. తుఫాను వెలిశాక పొద్దున్నే ఆఫీసరు వస్తాడు, కాగితం మీద చిరునామా గడి ఖాళీగా ఉంటుంది. ఏం రాయాలని ఆయన వాచ్‌మన్‌ని అడుగుతాడు. వాచ్‌మన్ వెనక్కి తిరిగి దెయ్యాన్ని అడుగుతాడు. అది ఊరి పేరు చెబుతుంది, ఆ పేరుతో ఇప్పుడు ఊరు లేదు. అక్కడి నుంచి రెండో సగం రాస్తున్నాను, మాస్టారు చెప్పినట్టు ఆ ఊరివాళ్లతో. అయ్యాక ఇక్కడే పెడతాను, అప్పుడు తిట్టండి.