ఖుక్రీ నౌకతో పాటు పోయిన మామయ్యను ఏ రోజున తలచుకోవాలి?

ప్రశ్న (మౌలాలి నుంచి):
మా మేనమామ నౌకాదళంలో నావికుడు. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి డయ్యూ తీరానికి దూరంగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడో తగిలి ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయినప్పుడు ఆయన అందులోనే ఉండిపోయాడు. శవం దొరకలేదు కనుక అమ్మమ్మ బతికినంత కాలం తద్దినం పెట్టనివ్వలేదు. ఆయన రాసిన చివరి ఇన్‌లాండ్ ఉత్తరం మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. అమ్మ దానిని విప్పదు, కంఠతా చెబుతుంది, "సైకిలు గొలుసుకు నూనె వేస్తూ ఉండు" అన్న మాట దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతుంది.

2025 మే 7న పౌర రక్షణ విన్యాసాల సైరన్ మోగినప్పుడు బెండకాయలు తరుగుతున్న అమ్మ కత్తిపీట మీద నుంచి చేయి తీసి, "మళ్లీ ఎవరి పిల్లలను పంపుతున్నారు?" అని అడిగింది. ఆమె ఉండగానే తమ్ముడికి జరగవలసినది జరిపించాలని, అతని పేరు ఎక్కడైనా చెక్కి ఉంటే చూపించాలని నా కోరిక. దారి చెప్పగలరా?

సమాధానం (విశ్రాంత నావికుడు, అల్వాల్):
ఆ రాత్రి 18 మంది అధికారులు, 176 మంది నావికులు సముద్రంలో కలిసిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచి రాలేదు. డయ్యూలో సముద్రానికి ఎదురుగా ఖుక్రీ నమూనాతో స్మారకం ఉంది. అయితే అమ్మగారి వయసుకు ఢిల్లీ ప్రయాణమే తేలిక. ఇండియా గేట్ దగ్గర 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్ర గోడల గ్రానైట్ పలకలపై అమరుల పేర్లు చెక్కి ఉన్నాయి. తొందర పెట్టకుండా ఆమెను అక్కడ కాసేపు కూర్చోనివ్వండి.

సమాధానం (చిక్కడపల్లి నుంచి):
యుద్ధంలో పోయినవారికి మహాలయ పక్షంలోని చతుర్దశి నాడు శ్రాద్ధం పెట్టడం మన సంప్రదాయం. దానిని ఘాత చతుర్దశి అంటారు. కొడుకులు లేనివారికి మేనల్లుడు పెట్టవచ్చునని పౌరోహిత్యం చేసిన మా నాన్నగారు చెప్పేవారు. మీ పురోహితుణ్ణి కూడా ఒకమాట అడగండి. చివరన, ఎవరూ లేనివారి కోసం కూడా తిలోదకాలు వదులుతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. ఆఖరి మాట చదివి వినిపించగానే అమ్మ, ఖుక్రీకి అయిదారు రోజుల ముందు మన విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో ఒక్కరూ బతకలేదు కదా, ఆ నీళ్లు వాళ్లకూ చెందుతాయా అని అడిగింది. చెందుతాయనే చెప్పాను. ఇలా నీళ్లు వదలవలసిన రోజు ఇటూ అటూ ఇంకే ఇంటికీ రాకూడదని మొక్కుకుంటున్నది. ఈ చతుర్దశికి తర్పణం, ఆ తరువాత ఢిల్లీ.