అప్‌డేట్: రైఫిల్ ఛాంబర్‌కు బ్రాస్సో అవసరం పడలేదు
నాన్నగారి నుంచి నా లైసెన్స్ మీదికి మారిన .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో పేల్చిన కేసులు (తూటాల ఖాళీ గొట్టాలు) ఇరుక్కుంటున్నాయని, ఛాంబర్ (తూటా కూర్చునే గది), బారెల్ లోపల లోహాలకు మెరుగుపెట్టే బ్రాస్సోతో పాలిష్ పట్టొచ్చా అని ఇంతకుముందు అడిగాను. ఇక్కడ చిత్తూరులో ఒక రిటైర్డ్ ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే నిపుణుడు) గారు చూశారు. 'ముందు మురికి తియ్యి నాయనా, ఇనుము తర్వాత చూద్దాం' అన్నారు.

టార్చ్ వేసి చూస్తే ఛాంబర్ ముందు అంచున నల్లటి వలయం. .22 బుల్లెట్‌కు మైనం పూత ఉంటుంది. అదీ, తుపాకీ మందు మసీ, సీసమూ కలిసి గట్టిపడ్డాయి. సాల్వెంట్ పోసి నానబెట్టి, కంచు బ్రష్‌తో వెనక వైపు నుంచే తోమాం. మొదటి గుడ్డ ముక్క కాటుకలా వచ్చింది. ఇప్పుడు కేసులు వేలితో లాగినా వచ్చేస్తున్నాయి.

పాలిష్ వద్దనడానికి ఆయన చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. పాలిష్‌లో రాపిడి పొడి ఉంటుంది, అరిగిన లోహం తిరిగి రాదు. డ్రిల్లుకు తగిలించి తిప్పితే ఛాంబర్ కొలత పెరుగుతుంది, రైఫ్లింగ్ (బారెల్ లోపలి మెలికల గాడులు) మొదలయ్యే పదునైన అంచు గుండ్రబడుతుంది, గురి పోతుంది. పైగా ఛాంబర్ మరీ నున్నగా ఉంటే కేసు గోడలను పట్టుకోదు, బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) మీద ఒత్తిడి పెరుగుతుంది. గీత పడ్డ ఛాంబర్‌కు మాత్రం పాలిష్ పనికొస్తుందట, అదీ లైసెన్స్ ఉన్న రిపేరర్ చేతిలోనే.

బారెల్ మధ్యలో చిన్న తుప్పు గుంటలున్నాయి. గురి బాగానే ఉంది కాబట్టి వాటి జోలికి పోవడం లేదు, పల్చగా నూనె రాసి పెడుతున్నాను.