పర్యావరణ సంక్షోభం మీద రాసే కవిత నినాదంగా మారకుండా ఉండాలంటే?

ప్రశ్న:

చాలాకాలంగా ప్రకృతి మీద కవిత్వం రాస్తున్నాను. వెన్నెలను, వానను, చిగుళ్ళను పాత అలవాటు ప్రకారం వర్ణించినప్పుడల్లా, ఆ అందం చాటున జరుగుతున్న విధ్వంసాన్ని దాచిపెడుతున్నానేమోనన్న బాధ కలుగుతోంది. విధ్వంసాన్ని నేరుగా చెప్పబోతే కవిత పోయి నినాదం మిగులుతోంది. కార్చిచ్చు, వరద కంటికి కనిపిస్తాయి కనుక వాటికి దృశ్యం దొరుకుతుంది. కానీ పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటిందన్న నిజానికి రంగూ లేదు, వాసనా లేదు. ఇంత నెమ్మదిగా సాగే మార్పును కవితలోకి ఎలా తీసుకురావాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి సమాధానం:

మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటేనని నా అభిప్రాయం. పరిశీలన కన్నా ముందే భావం వచ్చి కూర్చుంటోంది. పగడపు దిబ్బలనే తీసుకోండి. పగడపు జీవి కణజాలంలో అతిసూక్ష్మమైన శైవలాలు, అంటే నాచు జాతి జీవులు, నివసిస్తాయి. ఎండ సాయంతో అవి తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన పోషణ, దాని రంగు కూడా చాలావరకు వాటిదే. సముద్రపు నీరు అక్కడి మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ సెల్సియస్ ఎక్కువగా కొన్ని వారాలపాటు ఉంటే చాలు, పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. అప్పుడు పారదర్శకమైన కణజాలం కింద నుంచి సున్నపు అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపును మరణమని రాయడం తొందరపాటు. పగడం అప్పటికి బతికే ఉంటుంది, కాకపోతే ఆకలితో ఉంటుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు, లేకపోతే చనిపోతుంది. కవితకు కావలసిన ఉత్కంఠ అంతా ఆ వ్యవధిలోనే ఉంది. ‘సముద్రం విలపిస్తోంది’ అని మొదలుపెట్టిన కవికి అది అందదు.

రెండవ సమాధానం:

పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, పాత వర్ణన అంతా దాచిపెట్టేదేనన్న ప్రశ్నకర్త అనుమానాన్ని మాత్రం ఒప్పుకోలేను. జపాన్‌లోని క్యోటోలో చెర్రీపూల వికాసం గురించి 9వ శతాబ్దం నుంచి దినచర్యల్లోనూ కవితల్లోనూ నమోదైన ప్రస్తావనలను శాస్త్రవేత్తలు కూర్చి, పూర్వపు వసంతకాలపు ఉష్ణోగ్రతలను అంచనా వేశారు. 2021లో అక్కడ మార్చి 26నే పూలు పూర్తిగా విచ్చుకున్నాయి. అప్పటిదాకా దొరికిన నమోదులన్నిటిలో అదే అతి తొందరగా వచ్చిన తేదీ. పూలను చూసి మురిసిన కవులు తమకు తెలియకుండానే సాక్ష్యం భద్రపరిచారన్నమాట. ఇక తమిళ సంప్రదాయం కొండకు, అడవికి, పొలానికి, తీరానికి, బీడుకు వేర్వేరు భావాలను జతచేసింది. కొండసీమ, అడవిసీమ తమ సహజగుణాన్ని కోల్పోయినప్పుడు ‘పాలై’ అనే బీడుగా మారతాయని ప్రాచీన తమిళ కావ్యం శిలప్పదికారం చెబుతుంది. ఆ బీడు విరహానికి నెలవు. నేల చెడడాన్నీ మనసు తల్లడిల్లడాన్నీ ఒకే చోట నిలిపిన ఆ ఊహ ఈనాటి కవికి ఎంతో పనికొస్తుందని గట్టిగా నమ్ముతున్నాను. కాబట్టి ఋతువర్ణనను మానుకోవద్దు; ఏ పువ్వు ఎప్పుడు పూసిందో, ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో తేదీతో సహా రాయండి.

మూడవ సమాధానం:

అంకెకు రంగూ వాసనా లేవన్నారు. ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం (తన బరువుతో నెమ్మదిగా కదిలే మంచురాశి) కరిగి, కదిలే శక్తి పోయి, 2014లో హిమానీనదమన్న హోదా కోల్పోయింది. 2019లో అక్కడ ఒక స్మారక ఫలకం పెట్టారు. భవిష్యత్తులోని మనుషులకు ఉత్తరంగా రాసిన ఆ కొద్ది వాక్యాల కింద, ఆ ఏడాది మే నెలలో గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ పరిమాణాన్ని 415 అని చెక్కారు. ఎవరు, ఎవరితో, ఏ స్థలంలో నిలబడి మాట్లాడుతున్నారో స్పష్టంగా ఉంది గనుకనే ఆ అంకె చదివేవారిని తాకుతుంది.

మరొక్క విషయం. ఇటువంటి కవితల్లో ‘మనిషి’ అన్న ఒక్క మాట మీద నేరమంతా మోపడం నాకు అన్యాయంగా తోస్తుంది. గనుల నుంచి బొగ్గును తవ్వించి లాభపడినవారూ, పగడపు దిబ్బ చచ్చిపోయి చేపలు దొరకని జాలరీ ఆ మాటలో ఒకటైపోతారు. తదుపరి కవితలో కర్త ఎవరో పేర్కొని చూడండి, రాసిన తరువాత ఇక్కడే పెడితే చదువుతాం.